రన్‌వే కనబడని పరీక్ష

లింగస్వామి మేడ్చల్, శామీర్‌పేటల మధ్య ఇరవై ఏళ్లుగా ఆటో తోలుతున్నాడు. ఎక్కించుకున్న మనిషిని చెప్పిన చోట దింపకుండా ఏ రోజూ వెనక్కి రాలేదని ఆయన గొప్ప. ఆయన కూతురు యమున స్కాలర్‌షిప్పు మీద విమానం నడపడం నేర్చుకుంటోంది.

ఈమధ్య ఆమెకు కొత్త పాఠం వచ్చింది. మబ్బుల్లో బయట ఏమీ కనబడకపోయినా, ఎదురుగా ఉన్న జీపీఎస్ డబ్బా చూపే దారినే పట్టుకుని, మెట్టు మెట్టుగా దిగి రన్‌వే దగ్గరికి రావాలి. ఇంటి దగ్గర సాధనకు నాయిన ఆటో తప్ప ఏముంది? గౌడవెల్లి దారిలో వెనక సీట్లో కూర్చుని, బయట దారి కనబడకుండా చున్నీ నుదుటి మీదికి లాక్కుని, ఒళ్లోని ఫోన్‌లో మ్యాపు ఒక్కటే చూస్తూ దారి చెప్పేది.

"నాయినా, ఎడమకు తిప్పు. ఇగ సీదా పో."

"సీదా పోతే బర్రె ఉంది బిడ్డా."

"నా మ్యాపుల బర్రె లేదు!"

"గా సంగతి బర్రెకు తెల్వదు గదా!"

పరీక్ష బహదూర్‌పల్లి శిక్షణ కేంద్రంలో, నేల మీదనే ఉండే నకిలీ కాక్‌పిట్‌లో. నోరు మెదపొద్దన్న షరతు మీద, పరీక్ష పెట్టే రహీల్ సార్ లింగస్వామిని వెనక స్టూలు మీద కూర్చోనిచ్చాడు. లింగస్వామి ముందుజాగ్రత్తగా తువ్వాలు కొసను పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

ముందు తెరంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. యమున డబ్బా మీంచి చూపు తిప్పకుండా, దారి తప్పితే పక్కకు జరిగే ముల్లును నడిమధ్యన నిలిపి దిగుతోంది. ఇంతకన్నా కిందికి దిగొద్దన్న ఎత్తుకు వచ్చాక దిగడం ఆపింది. డబ్బాలో మిగిలిన దూరం తగ్గి తగ్గి సున్నా అయింది. రన్‌వే జాడ లేదు. వెంటనే ఇంజనుకు పూర్తి జోరిచ్చి ముక్కు పైకి లేపింది. ఆ తర్వాత డబ్బా మీద బటన్ నొక్కింది. అది మళ్లీ పైకి పోయే దారి గీసింది. విమానం ఆ దారి పట్టింది.

లింగస్వామి నోట్లోంచి తువ్వాలు జారింది.

"సార్! గింత దూరమొచ్చి ఎనుకకు మర్లుడేంది? ఇంకింత దిగితే దొరుకుతుండె! పోరి పరేషాన్‌ల ఉంది, ఇంకొక్క చాన్సియ్యిండ్రి!"

"నాయినా!" యమున పళ్లు కొరికింది.

రహీల్ సార్ నవ్వాపుకోలేకపోయాడు. "అన్నా, రన్‌వే కనబడకుంట మబ్బు పెట్టిందే నేను. కనబడకుంటే పైకి లేస్తదా, ఆశకు పోయి ఇంకా దిగుతదా అని చూసుడే పరీక్ష. మొన్న ఇద్దరు దిగిండ్రు."

"దిగితే ఏమైంది సార్?"

"చెరువుల వడ్డరు. తెర మీదనే అనుకో."

"మరి మా బిడ్డ?"

"పాస్."

 లింగస్వామి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి రహీల్ సార్ మబ్బులన్నీ తీసేసి, ఆయన్నే కాక్‌పిట్‌లో కూర్చోబెట్టాడు. లింగస్వామి ముందున్న మీటలన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"హారన్ యాడుంది సార్?"

"ఉండదన్నా."

"హారన్ లేకుంట గింతమందిని ఎట్ల తీస్కపోతరు?" అంటూ సీట్లోంచి జల్దీ దిగిపోయాడు.