ఆగయ్య నోరు విప్పని ఏప్రిల్

నీకు కెమిస్ట్రీ ఎవరు నేర్పారని అడిగితే నా సర్టిఫికెట్ల మీద సంతకాలు చేసినవాళ్ల పేర్లు చెప్పడం సులువు. అన్నీ పెద్ద పేర్లే. నేర్పింది మాత్రం ఆగయ్య. మా కాలేజీ ల్యాబ్ అటెండరు. ఈ మార్చిలో రిటైరయ్యాడు. దండ వేసి, శాలువా కప్పి, ఓ గోడగడియారం చేతిలో పెట్టి పంపించారు. ఆ సభలో నన్ను మాట్లాడమంటే రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. నోరు పెద్దదని కాలేజీ అంతా పేరున్న రాహేలు మేడమ్ సరిగ్గా ఆ రోజే మూగదైంది. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

హైదరాబాదులో పురానాపూల్ దాటి లోపలికి వస్తే ఓ పాత హవేలీలో మా కాలేజీ. హవేలీ వాళ్ల గుర్రాలసాలే మా కెమిస్ట్రీ ల్యాబ్. వానాకాలంలో యాసిడ్ వాసన మీద గుర్రాల వాసన గెలిచేది. ఆగయ్య అందులో చేరేనాటికి నేను దబీర్‌పురా రైల్వే క్వార్టర్లలో గౌను వేసుకుని తిరిగే పిల్లని. నాలుగో తరగతి వరకు ఉర్దూలో చదివాడు. ఖాకీ చొక్కా, భుజం మీద తువ్వాలు, సిల్వర్ నైట్రేట్ పడి నల్లబడ్డ వేళ్లు. పిల్లలందరికీ ఆగన్న.

ఆగన్న అంటే పిల్లలకు అంత ప్రాణం ఎందుకో కూడా చెప్పాలి. బీఎస్సీ ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కొక్కరికి ఒక్కో ఉప్పు పొట్లం ఇస్తారు. అందులో ఏ లోహం ఉందో, ఏ ఆమ్లం ఉందో మూడు గంటల్లో తేల్చాలి. పొట్లాలు కట్టేది ఆగయ్యే. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ టీ తాగుతుండగా ఆగయ్య బల్లల మధ్య నెమ్మదిగా తిరిగేవాడు. నీ బల్ల దగ్గర ఆగి తాళాలగుత్తి ఆడించాడంటే ఇనుము. చేతికున్న రాగి ఉంగరం తిప్పాడంటే రాగి. పాన్‌లోకి సున్నం డబ్బా తెరిచాడంటే కాల్షియం. పైసా ఆశించేవాడు కాదు. పిల్లలు ఫెయిలైతే ఇంట్లో లొల్లి అవుతుందని జాలి, అంతే.

నా పరీక్షలో సున్నం డబ్బా తెరిచాడు. నేను కాల్షియం అని ముందు రాసుకుని, చేయని ప్రయోగాలన్నీ చేసినట్టు వెనక నుంచి ముందుకు రాసి, ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. ఎమ్మెస్సీలో ఇంకో ఆగన్న దొరికాడు. ఆ తర్వాత మా కాలేజీకే లెక్చరర్‌గా వచ్చాను. పిల్లలకు ఏ వారం ఏ ఉప్పు ఇచ్చేదీ ఆగయ్య ముందే ఓ చీటీ మీద చెప్పేవాడు. చీటీ చూసి పాఠం చెప్పేదాన్ని. ఆరేళ్లు గడిచాయి. ఆ ఆరేళ్లూ టెంపరరీనే.

డెబ్బై నాలుగు మార్చిలో ప్రిన్సిపాల్ సీతారాం గారు పిలిచి ఓ సర్క్యులర్ చేతిలో పెట్టారు. కాలేజీ లెక్చరర్లకు యూనివర్సిటీలో ఆరు వారాల వేసవి శిక్షణ.

"జూలైల ఒక్క పోస్టు పర్మనెంట్ చేస్తున్నం రాహేలు. ఈ ట్రైనింగ్ సర్టిఫికెట్ తెస్తే అది నీదే. తేకపోతే కమిటీ పేపర్ల ప్రకటన ఇస్తది. అప్పుడు నా చేతుల ఏం ఉండదు."

సంతోషంగా బయటికి వచ్చి రెండో పేజీ తిప్పాను. ఐదో వారం చివర ప్రతి ఒక్కరూ తమకిచ్చిన ఉప్పును ఎవరి సాయం లేకుండా విశ్లేషించాలి. తప్పితే హాజరైనట్టు ఓ కాగితం ఇస్తారు, సర్టిఫికెట్ ఇవ్వరు. ఎవరి సాయం లేకుండా ఒక్క ఉప్పునైనా నేనెన్నడూ తేల్చలేదు. నాన్న ప్రకాశం రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరై రెండేళ్లయింది. ఇంట్లో నా జీతమొక్కటే. ఆ ఉద్యోగం పోతే ఎట్లా?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. భయం వేసినప్పుడు మరీను. నేరుగా ల్యాబ్‌కు పోయి, సీసాలు కడుగుతున్న ఆగయ్య మీద విరుచుకుపడ్డాను.

"అంతా నీ వల్లనే ఆగన్నా! ఆనాడు నువ్వు సున్నం డబ్బ తియ్యకుంటే నేను ఫెయిలైతుంటి. ఫెయిలైతే మళ్ల కూసోని నేర్చుకుంటుంటి. ఇప్పుడు నా నౌకరి పోతే నువ్విస్తవా?"

ఆయన చేతులు తుడుచుకుని, సీసాలు వరసగా పెట్టి, తాళం వేసి వెళ్లిపోయాడు. రోజూ "పోయొస్త బిడ్డా" అనేవాడు, ఆ రోజు అదీ లేదు. ఇంటికి పోయేంతలో నా కోపం దిగిపోయింది. సిగ్గు మిగిలింది. తప్పంతా ఆయనదేనని అరిచాను గానీ, ఆ డబ్బా చూసి మురిసిపోయింది నేనే కదా.

పరీక్షలైపోయి సెలవులు ఇచ్చిన మర్నాడు, పొద్దున ఏడింటికి మా ఇంటి ముందు సైకిల్ బెల్లు మోగింది. ఆగయ్య. చేతిలో ల్యాబ్ తాళాలు. అమ్మ ఇచ్చిన చాయ్ నిలబడే తాగాడు.

"నడువు బిడ్డా. పెద్దసారును అడిగిన, తెరుసుకోమన్నడు. రోజొక ఉప్పు ఇస్త. అదేందో నువ్వే చెప్పాలె. నా నోట్లకెల్లి ఒక్క మాట రాదు. నీ యేసుప్రభు మీద ఒట్టు."

"నా దేవుని మీద నువ్వెందుకు ఒట్టేసుడు?"

"మా దేవునికి నా సంగతి తెలుసు బిడ్డా. నమ్మడు."

అట్లా మొదలైంది. ఏప్రిల్ నెలంతా ఆ గుర్రాలసాలలో మేమిద్దరమే. ఆయన పొట్లం ఇచ్చి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చునేవాడు. నేను పుస్తకం ముందు పెట్టుకుని కుస్తీ పట్టేదాన్ని. ప్లాటినం తీగను ఉప్పులో ముంచి మంటలో పెడితే ఒక్కో లోహానికి ఒక్కో రంగు వస్తుంది. మొదటి రోజు పసుపు మంట వచ్చింది. సోడియం అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండో రోజు వేరే ఉప్పు, అదే పసుపు. మూడో రోజూ అంతే. తీగ బల్ల మీద విసిరి, "నువ్వు రోజూ సోడియమే ఇచ్చి నన్ను ఆటపట్టిస్తున్నవ్!" అని అరిచాను.

ఆయన లేచాడు. ఒట్టు ఒట్టే, మాట లేదు. తీగను యాసిడ్‌లో ముంచి కాల్చాడు. మళ్లీ ముంచి కాల్చాడు. నాలుగోసారికి మంటలో ఏ రంగూ లేదు. అప్పుడు తన నుదుటి మీద వేలితో తుడిచి, ఆ వేలితో తీగను ఒక్కసారి తాకి మంటలో పెట్టాడు. భగ్గున పసుపు వచ్చింది.

చెమట. చెమటలో ఉప్పుంది, ఉప్పులో సోడియం ఉంది. మూడు రోజులుగా నేను విశ్లేషిస్తున్నది నా చెమటనే. పుస్తకంలో తీగను శుభ్రం చేయమని ఒక్క వాక్యం ఉంది. హైదరాబాదు ఏప్రిల్‌లో రేకుల కప్పు కింద దాన్ని ఎట్లా చేయాలో పుస్తకంలో లేదు. నాకు నవ్వొచ్చింది, ఆయనా నవ్వాడు.

ఆ తర్వాత నా చేతులు నెమ్మదిగా దారికి వచ్చాయి. ఎంత యాసిడ్ పోయాలో, ఎప్పుడు ఆగాలో ఆయన చేతుల్ని చూసి నేర్చుకున్నాను. నేను ఉప్పు పేరు సరిగ్గా చెప్పాక మాత్రం ఆయన నోరు విప్పేవాడు. అప్పుడు నా వంతు.

"ఇది గిట్లెందుకైతది బిడ్డా?"

నేను బోర్డు మీద రాసి చెబితే ఆయన ఓ పాత నోటుబుక్కులో ఉర్దూలో ఎక్కించుకునేవాడు. ఓరోజు అన్నాడు: "ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. ఎందుకో ఇయ్యాల తెలిసింది."

"ఇన్నేండ్లు ఎవ్వరినన్న అడగకపోయినవ్?"

"అటెండరు అడుగుతడా?"

నేను ఆరేళ్లు లెక్చరర్‌నై ఉండి ఆయన్ను అడగలేదు. ఆయన ఇరవయ్యేళ్లు అటెండరై ఉండి మమ్మల్ని అడగలేదు. ఇద్దరమూ ఒకే గదిలో ఉన్నాం.

మే నెలలో శిక్షణ మొదలైంది. రోజూ రెండు బస్సులు మారి పోయేదాన్ని. జిల్లాల నుంచి, పట్నం నుంచి వచ్చిన ముప్పై మంది లెక్చరర్లం. శిక్షణ నడిపే ప్రొఫెసర్ పురుషోత్తం గారు పొద్దున కొత్త విషయాలు చెప్పేవారు, మధ్యాహ్నం ల్యాబ్. చదువు అయిపోయిందనుకున్న మాలాంటి వాళ్లను మళ్లీ బెంచీల మీద కూర్చోబెట్టి, అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పిన ఆ ఆరు వారాలకు నేను ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను.

ఐదో శనివారం పరీక్ష. ఎండ మండిపోతోంది. తీగ మంటలో పెట్టగానే నాకు పసుపే వచ్చింది. కంగారు పడలేదు. చేతులు తువ్వాలుతో తుడుచుకుని, తీగను ముంచి కాల్చి, ముంచి కాల్చి, రంగు పోయేదాకా ఆగాను. తర్వాత ఉప్పు ముట్టిస్తే చిక్కటి ఎరుపు. స్ట్రాన్షియం. మిగతా పరీక్షలూ అదే మాట చెప్పాయి. సగం మంది సోడియం అని రాశారని తర్వాత తెలిసింది. పురుషోత్తం గారు నా వెనకాల నిలబడి చూస్తున్నారని నేను గమనించలేదు.

"ఎంత శుభ్రమైన చెయ్యమ్మా! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

నా నోటి నుంచి అబద్ధం వచ్చేసింది. మా బీఎస్సీ ప్రొఫెసర్ పేరు చెప్పాను. ఆయన బర్నర్ వెలిగించగా నేనెన్నడూ చూడలేదు.

"అట్లాంటి గురువు గురించి అందరూ వినాలి. సోమవారం ఉదయం పది నిమిషాలు మాట్లాడండి," అన్నారాయన.

ఆదివారం చర్చిలో ఒక్క పాట నోటికి రాలేదు. నిజం చెబితే బీఎస్సీ, ఎమ్మెస్సీ ఎట్లా గట్టెక్కానో చెప్పాలి. సర్టిఫికెట్ల జాబితా ఇంకా రాయలేదు. ప్రిన్సిపాల్‌కు ఒక్క ఉత్తరం ముక్క వెళ్తే ఉద్యోగం గోవిందా. చెప్పకపోతే, నెలరోజులు నా కోసం నోరు కట్టుకున్న మనిషి పేరును నేనే మింగేసినట్టు.

సోమవారం లేచి నిలబడ్డాను. "శనివారం నేను అబద్ధమాడాను," అని మొదలుపెట్టి, సున్నం డబ్బా నుంచి చెమట దాకా మొత్తం చెప్పేశాను. నాకు నేర్పింది మా ల్యాబ్ అటెండరు ఆగయ్య అన్నాను.  నా పని అయిపోయిందనుకున్నాను.

చివరి బెంచీలోంచి లక్ష్మయ్య గారు, మెదక్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, గొంతు సవరించుకున్నారు.

"మా కాలేజీల ఆయన పేరు రాజన్న."

గదంతా పగలబడి నవ్వింది. "మా దగ్గర దుర్గయ్య," అని ఒకరు, "మాకు సుందరమ్మ," అని ఇంకొకరు. పురుషోత్తం గారు మాత్రం నవ్వలేదు. నవ్వులు సద్దుమణిగాక నా వైపు చూశారు.

"సర్టిఫికెట్ శనివారం పరీక్షకిస్తామమ్మా. ఆ పరీక్ష నేను కళ్లారా చూశాను. ఈ ఆగయ్యను మా దగ్గరికి ఒక్కరోజు తీసుకురాగలరా?"

గురువారం ఆగయ్య వచ్చాడు. భార్య సక్కుబాయి ఇస్త్రీ చేసి పంపిన ఖాకీ చొక్కా, కొత్త తువ్వాలు. మొదట తువ్వాలు సర్దుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బర్నర్ వెలిగించాక భయం పోయింది. తీగ ఎట్లా పట్టాలో, ఏ సీసా మూత ఎట్లా తీయాలో చూపించాడు. ఎందుకని ఎవరైనా అడిగితే నోటుబుక్కు తెరిచి, నేను చెప్పిన కారణాన్ని ఉర్దూలో చదివి తెలుగులో చెప్పాడు. ముప్పై మంది లెక్చరర్లు ఆగయ్య చెప్పింది రాసుకున్నారు. నాకు కళ్లు నిండాయి. దాచుకోలేదు.

తిరుగు బస్సులో ఆయన ముభావంగా ఉన్నాడు.

"ఏందాగన్నా, ఫికర్ చేస్తున్నవ్? అందరు మస్తు మెచ్చుకున్నరు గద."

"నువ్వు నేర్చుకున్నవ్ బిడ్డా. ఇరవై ఏండ్లల్ల నేను సైగ చేసి పాస్ చేసినోళ్లు ఎంతమందో. అండ్ల సగం మంది బళ్లల్ల సార్లయిన్రు. వాళ్లకెవ్వరు చెప్తరు?"

 జూలైలో నా పోస్టు పర్మనెంట్ అయింది. ఆర్డరు తీసుకుని మిఠాయితో ఆగయ్య ఇంటికి పోయి, ఆ నల్లటి వేళ్లు రెండు చేతులతో పట్టుకుని, నువ్వే లేకపోతే నేను లేను అని చెప్పాను. ఆయన ఇబ్బంది పడి చాయ్ పెట్టమని సక్కుబాయిని కేకేశాడు. బస్సులో అడిగిన ప్రశ్న మాత్రం మా మధ్య అట్లాగే ఉంది.

సీతారాం గారిని ఒప్పించి ఆదివారాలు ల్యాబ్ తెరిపించాను. పాత రిజిస్టర్లు వెతికి, బడుల్లో సైన్సు చెబుతున్న మా పాత విద్యార్థులకు కార్డులు రాశాను. ఎవరూ రారనుకున్నాను. మొదటి ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. ఒకాయన అప్పటికే హెడ్మాస్టరు, జుట్టు నెరిసింది. ఆగయ్య అందరికీ పొట్లాలు పంచి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. గంట గడిచేసరికి హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి.

"ఆగన్నా, జర ఏందో చెప్పరాదే," అన్నాడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడి గొంతుతో.

ఆగయ్య స్టూలు మీది నుంచి లేచి, ఆయన బల్ల దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈసారి మీరే చెప్పుండ్రి సార్. ఎంతసేపైనా సరే, నేను వింట."