అప్పుల వైపు అత్తయ్య గాజులు

మొన్న అల్వాల్‌లో మా ఇంట్లో, ఇంటర్ కామర్స్ చదువుతున్న మనవరాలు పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "నానమ్మా, ఇది మిస్‌ప్రింట్ అనుకుంటా, ఓనర్ పెట్టిన డబ్బుని లయబిలిటీస్ సైడ్ వేశారేంటి?" అంటే, జవాబు కంటే ముందు నాకు నవ్వొచ్చింది. అచ్చం ఈ అనుమానంతోనే ఒకప్పుడు మా ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు.

నేను బీకాం చదివి, కాకినాడ నుంచి కోడలిగా సికింద్రాబాదు వచ్చేసరికి మా మామగారికి రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టుండేది. లెక్కలు నేను రాస్తానని ధైర్యం చేసి అడిగితే, ఒక్క ఏడాది చూద్దాం, నచ్చకపోతే మళ్ళీ పాత గుమాస్తాకే అన్నారాయన. వంటింటి బయట నాకంటూ దొరికిన మొదటి పని అది. ఆ ఎర్రట్ట పొడుగు పుస్తకాలు మీకూ గుర్తుండే ఉంటాయి, వాటిలో ఒక్క కొట్టివేత లేకుండా ఏడాదంతా రాసి, చివర ఆస్తి అప్పుల పట్టిక వేసి, ఎంతో గొప్పగా ఆయన చేతిలో పెట్టాను.

కుడివైపు సరుకూ నగదూ చూసి మురిసిపోయిన మనిషికి ఎడమవైపు చూడగానే ముఖం ఎర్రబడింది. అక్కడ అప్పుల వరుసలో, సరుకిచ్చిన వ్యాపారుల పేర్ల కింద ఆయన పేరూ ఉంది మరి. "ఖాళీ చేతుల్తో వచ్చి కొట్టు పెట్టినోణ్ణి, నన్ను అప్పులోళ్ళ వరుసలో కూర్చోబెడతావా?" అని, పుస్తకాలు గుమాస్తాకి ఇచ్చేస్తానన్నారు. లెక్కల్లో కొట్టు వేరు, యజమాని వేరని, ఉన్న ఆస్తిలోంచి బయటివాళ్ళ బాకీలు తీసేస్తే మిగిలేది ఆయనదేనని, కొట్టే ఆయనకి బాకీ ఉన్నట్టు రాస్తామని చెప్పబోయి, భయానికి మాట తడబడి ఇంకా చిక్కు చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, బళ్ళో అడుగుపెట్టని మా అత్తయ్య తాపీగా అందుకుంది. "పిల్ల చెప్పినదాంట్లో తప్పేముందండీ? మీరు పెట్టింది కొట్టు మీకు బాకీ, బానే ఉంది. మరి మొదటి సరుక్కి నా గాజులమ్మారు కదా, ఆ బాకీ ఏ వరుసలో ఉంది?"

మజ్జిగ కలుపుకుంటున్న మామగారి చెయ్యి ఆగిపోయింది. చెయ్యి కడుక్కొచ్చి, పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "మీ అత్తయ్య పేరు కూడా వెయ్యమ్మా. చెరి సగం రాయి," అన్నారు. గుమాస్తా మాట మళ్ళీ ఎత్తలేదు, ఖాళీ చేతుల్తో వచ్చానన్న మాట కూడా ఆ తరువాత ఆయన నోట నేను వినలేదు.

అప్పటినుంచి ఏటా లెక్కలు ముగిసిన రోజు అత్తయ్య నా పక్కన చేరి, "నా గాజులు ఈ ఏడు ఎన్నయ్యాయే?" అని అడిగేది. లాభం వస్తే పెరిగాయనీ, ఇంటి ఖర్చులకి గల్లాలోంచి ఎక్కువ తీసిన ఏడు తగ్గాయనీ చెప్పేదాన్ని. తగ్గాయంటే మామగారి సిగరెట్ల వైపు ఓ చూపు చూసేది.

ఇదంతా విని మనవరాలు పడీ పడీ నవ్వి, పుస్తకంలో మిస్‌ప్రింట్ అనుకున్న ఆ మాట పక్కన పెన్సిలుతో రెండు గాజులు గీసుకుంది. వాళ్ళ లెక్కలు కంప్యూటరే వేస్తుంది, రెండు వైపులా చిటికెలో సరిపోతాయి, అలిగేవాళ్ళూ లేరు, సుఖమే. నాకు మాత్రం, పక్కన చేరి తన గాజులెన్నయ్యాయని అడిగే మనిషి లేకపోతే, ఏ ఏడాది లెక్కా ముగిసినట్టే అనిపించదు.