రాజనర్సు తెచ్చిన కొత్త కుండ

వినోద్ సార్ కారు దిగినప్పుడు ఆయన చేతిలో ఇంకో చెయ్యి ఉంది.

చీరల షాపు ముందు నిలబెట్టే బొమ్మ చెయ్యి. ఒక కర్ర చివర కట్టి ఉంది. గోళ్లకు ఎర్ర రంగు, మణికట్టుకు గాజులు కూడా అలాగే ఉన్నాయి. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న అసలు రబ్బరు చెయ్యిని మొన్న జగిత్యాల కుక్కలు నమిలి పారేశాయట. కోరుట్లలో ఒక షాపువాణ్ని బతిమాలి దీన్ని పట్టుకొచ్చాడు. సిరిసిల్ల పక్కన మా షెల్టర్‌లో వందకు పైగా కుక్కలున్నాయి. వాటిలో ఏది మంచిది, ఏది చెడ్డది అని ఇక ఆ చెయ్యే తేల్చాలి.

రాజనర్సు ఆ చెయ్యిని కింది నుంచి పైదాకా చూశాడు.

"గీ ఆడామె మిగిలింది ఏడున్నదిరా సాయిగా?" అని నా చెవిలో అడిగాడు.

"డిక్కీల ఉన్నట్టున్నది మామా."

"పాపం. జర నీళ్లన్న ఇయ్యిపో."

నేను కుక్కల వ్యాన్ నడుపుతాను. రాజనర్సు వాటికి అన్నం పెడతాడు, కడుగుతాడు, పెంట ఎత్తుతాడు, పొద్దంతా తిడతాడు. ఎల్లంతకుంట మనిషి. యాభై ఆరేళ్లు. ముప్పై ఐదేళ్లు తాటిచెట్లు గీసినవాడు. ఆరేళ్ల కింద నడుముకు కట్టుకునే మోకు జారి చెట్టు మీద నుంచి పడ్డాడు. తుంటి విరిగింది, అతుక్కుంది, కానీ అది అతుక్కున్న చోటు వేరు, ఉండాల్సిన చోటు వేరు. మీసం మాత్రం ఎక్కడా విరగలేదు. పొద్దున లేవగానే కుక్కల కన్నా ముందు దాన్ని దువ్వుతాడు.

షెల్టర్ అంటే మూతపడ్డ మరమగ్గాల షెడ్డు. మగ్గాలను పాత ఇనుముకు అమ్మేసి, జాలీలు కొట్టి, ముందర 'జీవదయ' అని బోర్డు పెట్టాడు ప్రేమ్‌కుమార్ సేటు. ఆయనకు కోరుట్లలో ఎరువుల దుకాణం. ఫ్లెక్సీ మీద కుక్కపిల్లను గుండెలకు హత్తుకుని నవ్వుతుంటాడు. ఆ కుక్కపిల్లను ఫోన్‌లో అతికించింది నేనే. నిజం కుక్క కనబడితే సేటు కారు అద్దం కూడా దించడు.

వినోద్ సార్ మమ్మల్ని నిలబెట్టి పరీక్ష వివరించాడు. ఆయన మెడలో కుక్కల గుణం పరీక్షించేవాడని లామినేషన్ చేసిన సర్టిఫికెట్ వేలాడుతోంది. రెండు శనివారాలు, రెండు ఆదివారాలు కంప్యూటర్ ముందు కూర్చుని సంపాదించాడట. నేను వ్యాన్ నేర్చుకోవడానికే అంతకంటే ఎక్కువ రోజులు పట్టింది.

"కుక్క తింటుంటది. మనం హ్యాండ్‌తోని గిన్నె పక్కకు జరుపుతం. గుర్రుమంటె మార్కులు. పండ్లు చూపెడితె మార్కులు. కరిస్తె రెడ్ టిక్. కరవకుంటె గ్రీన్ టిక్."

"గ్రీన్ అచ్చిన కుక్కను ఏం జేస్తరు సారూ?" రాజనర్సు అడిగాడు.

"ఎక్కడ పట్టుకొచ్చిన్రో అక్కడ్నే వదిలేస్తం. రూల్."

"ఎర్రది అస్తె?"

వినోద్ సార్ వెనక షెడ్డు వైపు కర్రతో చూపించాడు. కర్ర చివర చెయ్యి కూడా అటే చూపించింది. మగ్గాల కాలంలో నూలు దాచిన గది అది. కిటికీలు లేవు. అందులోకి వెళ్లిన కుక్క బతికున్నన్నాళ్లూ బయటికి రాదు.

 రాజనర్సు కళ్లు నలభై ఏడో నంబరు జాలీ మీదికి పోయాయి.

నలభై ఏడు ఒక నల్లకుక్క. ఎడమ చెవి సగం లేదు. మూడు నెలల కింద ఎల్లారెడ్డిపేట మండలం నుంచి నేనే తెచ్చాను. ఎవరినో కరిచిందని ఫిర్యాదు. దీనికి ఒక వింత గుణం ఉంది. గిన్నెలో అన్నం పెడితే ముట్టదు. పక్కన కూర్చుని రోజంతా దాన్నే చూస్తుంటుంది. చివరికి రాజనర్సు వచ్చి నాలుగు తిట్టి, అన్నం నేల మీద గుమ్మరిస్తే అప్పుడు తింటుంది. ఊరి లెక్కలు రాసేవాడు దఫ్తరం ముందేసుకుని కూర్చున్నట్టు కూర్చుంటుందని రాజనర్సు దానికి పట్వారి అని పేరు పెట్టాడు. "పట్వారీ, నీ లెక్కలు అయినయా? ఇగ బుక్కు" అని గుమ్మరించేవాడు. మిగతా కుక్కల్ని పేరూ ఊరూ లేకుండా తిట్టే మనిషి, దీన్ని మాత్రం పేరు పెట్టి తిట్టేవాడు. అంత ప్రేమ ఆయన ఇంట్లోవాళ్ల మీద కూడా నేను చూడలేదు.

ఆ రోజు పొద్దున్నే, వినోద్ సార్ రాకముందే, పట్వారికి స్నానం చేయించాడు. సగం చెవికి కూడా సబ్బు పెట్టాడు. అంతటితో ఆగితే బాగుండేది. సైకిల్ మీద సిరిసిల్ల పోయి, కొత్త మట్టికుండ ఒకటి కొనుక్కొచ్చాడు.

"గిదెందుకే మామా?"

"పెద్దమనిషి పరీక్షకు అస్తుండు. సొట్టపడ్డ గిన్నెల వెడుదుమా? ఇజ్జత్ ఉండద్దారా?"

ఈయనకు పరీక్షలంటే ఇదే జబ్బు. పడిన ఏడాది పింఛన్ కోసం వికలాంగుల క్యాంపుకు వెళ్లాడు. కొత్త పంచ కట్టుకున్నాడు. మీసానికి నూనె పెట్టాడు. డాక్టరు "అటు గోడ దాకా నడువు" అన్నాడు. చుట్టూ పదిమంది చూస్తున్నారు. మా వీరుడు పళ్లు బిగబట్టి, పెళ్లికొడుకులా నిటారుగా గోడ దాకా పోయి వచ్చాడు. నలభై శాతం వస్తే పింఛన్. ఈయనకు ముప్పై ఎనిమిది ఇచ్చారు. ఇంటికొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు.

"గంతమంది ముంగట కుంటుకుంట నడుద్దునారా? రెండు పర్సెంట్లు మీసానికి వోయినయ్ తీయ్" అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. తెలివితక్కువతనానికి కూడా శాతాలు ఇస్తే నూటికి నూరు వచ్చేది.

పరీక్ష మొదలైంది. మొదట తొంభై రెండో నంబరు. నన్ను రెండుసార్లు కరిచిన రౌడీ అది. గాజుల చప్పుడు వినగానే ఎవరో ఇంకొంచెం కూర వేయడానికి వచ్చారనుకుని తోక ఊపింది. గ్రీన్ టిక్. "వెరీ స్వీట్ నేచర్" అని వినోద్ సార్ రాసుకున్నాడు. ఇంకోటి పరీక్ష జరుగుతుండగానే నిద్రపోయింది. దానికీ గ్రీన్. నాకూ అలాంటి పరీక్షలు పెట్టి ఉంటే ఈపాటికి కలెక్టర్ అయ్యేవాణ్ని.

తర్వాత పట్వారి. రాజనర్సు ఎముకల పులుసు కలిపిన అన్నం కొత్త కుండలో నింపి లోపల పెట్టాడు. పట్వారి వాసన చూసింది. తినలేదు. ముందరి కాలు ఒకటి కుండ అంచు మీద వేసి, ఛాతీ విరిచి నిలబడింది. రాజనర్సు మొహం అప్పుడే మారింది.

జాలీ సందులోంచి ఎర్ర గోళ్ల చెయ్యి లోపలికి వెళ్లింది. పట్వారి ఒకసారి మెల్లగా గుర్రుమంది. మామూలు మనిషికైతే అది చాలు.

"ఈట్, ఈట్, గుడ్ బాయ్" అంటూ వినోద్ సార్ చెయ్యిని కుండ లోపలికే తోశాడు.

గాజులు నేల మీద దొర్లాయి. రెండు వేళ్లు తెగి ఒకటి నా చెప్పు దగ్గర పడింది. అయితే పట్వారి ఆ చెయ్యిని వెంటాడలేదు, నమలలేదు. ఇవతలికి ఉమ్మేసి, మళ్లీ వెళ్లి కుండ మీద కాలు వేసి నిలబడింది.

"డేంజరస్" అని ఎర్ర టిక్ కొట్టాడు వినోద్ సార్.

రాజనర్సు నా కాలర్ పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

"దీన్ని ఏడ వట్టినవ్‌రా?"

"ఎల్లారెడ్డిపేట అవుతల, మామా."

"ఎల్లారెడ్డిపేట అంటె ఊరా, బస్టాండా, ఏడ?"

"తాటివనంల. చెట్ల కింద లొట్ల కాడ పండుకున్నది."

లొట్టి అంటే కల్లు దించే కుండ. రాజనర్సు నెత్తి మీద రెండు చేతులు పెట్టుకున్నాడు.

"ఓరి నీ తెలివి మన్నువడ! గీ ముచ్చట మూడు నెల్లు కడుపుల వెట్టుకున్నవా?"

"నువ్వు అడగలే. నేను చెప్పలే."

"గీసెటోడు పొద్దుగాల లొట్టి దించి కింద వెట్టి, ఇంకో చెట్టు ఎక్కుతడు. వాడు మీద ఉంటె కింద లొట్లను ఎవలు చూడాలె? గిదే చూడాలె. ఎవడో దొంగకల్లు తాగవోయిండు, పట్టి పీకింది. గది దాని నౌకరిరా! అన్ని చెట్లయినంక లొట్టి బోర్లించి, ఆకుల ఇంత బువ్వ వేసి పెడితె గది దాని కూడు. కుండల ఉన్నది దానిది గాదు, మాలికుది. నేను సుత ఎంత గాడిదినంటె, పోయి పోయి కొత్త కుండనే తెచ్చిన!"

వినోద్ సార్ దగ్గరికి పోయి ఇదే చెప్పాడు. ఆకులో పెట్టి ఇంకోసారి చూడమన్నాడు.

"ప్రొటోకాల్‌ల ఆకు లేదు, నర్సన్నా. బౌల్ అని ఉంది. ప్రెసిడెంట్ సేటు ఆర్డర్ లేకుండ రీటెస్ట్ చెయ్యరాదు."

ఒంటిగంటకు ప్రేమ్‌కుమార్ సేటు వచ్చాడు, జాబితా మీద సంతకానికి. సంతకం పడితే సాయంత్రం లోపు పట్వారి వెనక షెడ్డులో ఉంటుంది. వినోద్ సార్ విషయం చెప్పాడు. సేటు బిర్యానీ పొట్లం విప్పి పళ్లెంలో పెట్టుకుంటూ, "కుక్కకు సప్లిమెంటరీ ఎగ్జామా? పనేం లేదా మీకు? పెన్ను తీస్కరా" అన్నాడు. రాజనర్సు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మళ్లీ నిటారుగా.

నాకు ఒళ్లు మండింది. మూడు వేళ్లు మిగిలిన చెయ్యి మూలన పడి ఉంది. తీసుకుని, సేటు కుర్చీ వెనక నుంచి మెల్లగా పోనిచ్చి, ఆయన పళ్లెంలో లెగ్ పీసును జరిపాను.

"ఎవడ్రా వాడూ!"

సేటు పళ్లెం ఛాతీకి హత్తుకుని, పళ్లన్నీ బయటపెట్టి, గరిటెతో ఆ చెయ్యిని మూడు దెబ్బలు కొట్టాడు. నేను ఖాళీ ఫారం తీసి గట్టిగా చదువుతూ టిక్కులు పెట్టాను.

"గుర్రుమనుడు, ఐదు. పండ్లు చూపెట్టుడు, ఐదు. గిన్నె ఇడువకపోవుడు, ఐదు. సేటూ, నీకు ఎనక షెడ్డు అచ్చింది."

వినోద్ సార్ నవ్వాపుకోలేక దగ్గాడు. సేటు కళ్లు ఎర్రబడ్డాయి.

"రేపటి సంది నువ్ డ్యూటీకి రాకు! వ్యాన్ తాళం ఆడ వెట్టు!"

రాజనర్సు గబుక్కున లోపలికి వచ్చాడు. తొందరలో నిటారుగా నడవడం మర్చిపోయి, తుంటి ఎగరేస్తూ వచ్చాడు.

"వాడు లత్కోరు గాడు సేటూ, వాన్ని ఇడిసిపెట్టు. కాని మీ తప్పు లేదు. మీ పళ్లెంల చెయ్యి వెడితె మీరు ఊకుంటరా? ఎవ్వలూ ఊకోరు. దానికి పళ్లెం ఏందో, కాపలా ఏందో మనం అడగకపోతిమి. నాకు సుత గోడ దాక నడువుమని మార్కులేసిరి, చెట్టెక్కుమని ఎవ్వలూ అడగలే. ఒక్కపారి ఆకుల వెట్టి చూడుండ్రి. కరిస్తె నేనే దాన్ని లోపలేసి, నేను సుత ఇంటికి వోత."

సేటు లెగ్ పీసు వైపు చూసుకున్నాడు. "కరిస్తె మీరిద్దరు పోవుడే" అన్నాడు.

రాజనర్సు షెడ్డు వెనక పొద నుంచి మోదుగాకులు కోసి, పుల్లలు గుచ్చి విస్తరి కుట్టాడు. విస్తరి గుండ్రంగా వచ్చింది. జాలీలోకి పోయి కుండ పట్టుకున్నాడు. పట్వారి ఆయన మీద కూడా గుర్రుమంది. ఆయన ఆగలేదు.

"అయిపోయినయ్ పట్వారీ. అన్ని చెట్లయినయ్. దిగిన."

అన్నం విస్తరిలోకి వంచి, కుండను నేల మీద బోర్లించాడు. పట్వారి బోర్లించిన కుండను ఒకసారి చూసింది. దాని వెన్ను మీద లేచిన వెంట్రుకలు పడుకున్నాయి. మూడు నెలల్లో మొదటిసారి, ఎవరూ తిట్టకుండానే తినడం మొదలుపెట్టింది.

"నువ్వు రా బయటికి. నువ్వంటే దానికి తెలుసు. స్ట్రేంజర్ చెయ్యాలె" అని వినోద్ సార్ మూడు వేళ్ల చెయ్యిని పోనిచ్చాడు. చెయ్యి విస్తరి మీద పడింది. పట్వారి మూతి పక్కకు తీసుకుంది. చెయ్యి విస్తరిని అవతలికి లాగేసింది. పట్వారి రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుని, వినోద్ సార్ మొహంలోకి చూసింది. మళ్లీ ఇటు నెట్టాడు, మళ్లీ తింది. మళ్లీ లాగాడు, మళ్లీ కూర్చుంది. నాలుగోసారి చెయ్యికి అంటిన పులుసు నాకింది.

వినోద్ సార్ ఎర్ర టిక్‌ను కొట్టివేసి ఆకుపచ్చది పెట్టాడు. ఆకు సంగతి ఏ గడిలో రాయాలో తెలియక చాలాసేపు వెతికి, 'వాతావరణం' అన్న గడిలో రాశాడు.

సేటుకు దూరం నుంచే ధైర్యం వచ్చింది. "అరే సాయిగా, ఫోటో తీయ్" అంటూ జాలీకి మూడు అడుగుల ఇవతల నిలబడి, గాలిని నిమురుతూ నవ్వాడు. ఆ మూడు అడుగులు నేనే ఫోన్‌లో కలపాలి. ఆ పని చేసేవాడు ఇంకెవడూ దొరకడని గుర్తొచ్చిందేమో, వ్యాన్ తాళం అడగలేదు.

వారం తర్వాత పట్వారిని తీసుకుని ఎల్లారెడ్డిపేట వెళ్లాం. రాజనర్సు వ్యాన్‌లో వెనక దాని పక్కనే కూర్చున్నాడు, దారంతా తిడుతూనే ఉన్నాడు. తాటివనం దగ్గర తలుపు తీయగానే పట్వారి దూకింది. ఒక చెట్టు మొదట్లో మూడు లొట్లున్నాయి. వాటి పక్కకు పోయి, నిన్ననే సెలవు మీద వెళ్లి వచ్చినట్టు కూర్చుంది. చెట్టు మీద గీత గీస్తున్న మనిషి కనిపించాడు. ఆయన బాలరాజు, పట్వారి యజమాని.

రాజనర్సు కుంటుకుంటూ చెట్టు కిందికి పోయాడు. ఆరేళ్ల తర్వాత ఆ కల్లు వాసన. ఒక లొట్టి వైపు చెయ్యి చాపాడు.

గుర్ర్‌ర్.

"ఓసి నీ! మూడు నెల్లు నీ పెంట ఎత్తిన చెయ్యే ఇది!"

మళ్లీ చాపాడు. ఈసారి పళ్లు కూడా కనబడ్డాయి.

"ఎవలే గది, లొట్టి ముట్టేది?" పై నుంచి బాలరాజు కేకేశాడు.

"ఎవ్వలూ ముడుతలేరే! నీ కుక్క ముట్టనిస్తలేదు!"

వనం మొత్తం వినబడేలా అరిచాడు. గొంతులో ఎంత సంబరమో. తర్వాత రెండడుగులు వెనక్కి జరిగి, బుద్ధిగా కింద కూర్చుని, తన ముందు కూడా ఆకు ఎప్పుడు పడుతుందా అని చెట్టు మీదికి చూశాడు.