కత్తెరమ్మ పెట్టిన పైపు

కత్తెరమ్మకి పొద్దున్నే టీ కంటే ముందు చేసే పని ఒకటుంది. ఇంటి ముందు నిలబెట్టిన పికప్ బండి బానెట్ ఎత్తి, ఇంజన్‌లో ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి, ఒక తెల్లటి గుడ్డముక్క మీద అడ్డంగా రాస్తుంది. ఆ మరకని వెలుతురుకి ఎత్తి చూస్తుంది. వాసన చూస్తుంది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తుంది. ముప్ఫై ఏళ్ళు గుడ్డని తాకి దాని నాణ్యం చెప్పిన వేళ్ళు అవి. తర్వాత ఆ ముక్కని మడిచి డ్యాష్‌బోర్డు అరలో పెడుతుంది. అవన్నీ ఒకప్పుడు జాకెట్లకి వేయగా మిగిలిన లైనింగు ముక్కలు. వాటి పక్కనే ఒక పెద్ద కత్తెర. పేరు దాని వల్లే వచ్చింది.

ఆమె దర్జీ. రెడీమేడ్ బట్టల కొట్లు వీధికి రెండు చొప్పున వెలిశాక ఆమె కుట్టుమిషన్ మీద దుమ్ము పేరుకుంది. అదే రోజుల్లో పికప్ నడిపే భర్తకి చూపు తగ్గిపోయింది. ఎదురుగా వచ్చేది స్కూటరో, నడిచొస్తున్న మనిషో పోల్చుకోలేని స్థితికి వచ్చాక ఆయన తనంతట తానే తాళాలు మేకుకి తగిలించాడు. ఇక బండి అమ్మేస్తారనే అందరూ అనుకున్నారు. ఆమె నలభై ఏడేళ్ళ వయసులో వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

"భయం వెయ్యదా?" అని అడిగింది పక్కింటావిడ.

"ముప్ఫై ఏళ్ళు మిషన్ తొక్కిన కాళ్ళు. అక్కడ నేను కూర్చుంటే గుడ్డ కదిలేది. ఇక్కడ నేనూ కదులుతాను, అంతే తేడా," అంది.

ఆసుపత్రి నుంచి మాసిన దుప్పట్లు లాండ్రీకి, లాండ్రీ నుంచి ఉతికినవి ఆసుపత్రికి. అదీ ఆమె పని. పక్క సీట్లో భర్త కూర్చుంటాడు. ఆయన చూడలేడు కానీ వింటాడు. గేరు ఒక్క క్షణం ఆలస్యంగా పడినా, "నిద్రపోతున్నావా ఏంటి?" అంటాడు.

ఆరేళ్ళ కిందట బండి పొగ వదలడం మొదలుపెట్టింది. డీజిల్ బండి ఎత్తు ఎక్కేటప్పుడు వదిలే నల్లపొగ కాదు. పొద్దున స్టార్టు చేసినప్పుడు, ఎక్కువసేపు నిలబెట్టి కదిలించినప్పుడు, నీలంగా, కాలిన నూనె కంపుతో వచ్చే పొగ. వారానికో లీటరు ఆయిల్ కూడా తాగేస్తోంది. ఒక సోమవారం ఆసుపత్రి స్టోరు చూసే ఆయన ఆమెని ఆపాడు.

"అమ్మా, మొన్న మూడో వార్డు దుప్పట్లు పొగ వాసన కొట్టాయి. పేషెంట్లని మంచాల మీద పడుకోబెడుతున్నామా, గ్యారేజీలో పడుకోబెడుతున్నామా? వచ్చే సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే బండి మాట్లాడుకుంటాను. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికేముంది. ఆ ఒక్క పనే బండికి తిండి, ఇంటికి తిండి. అది పోతే బండీ పోతుంది.

మంగళవారం బండిని మరిది షెడ్డుకి తీసుకెళ్ళింది. మరిది పేరున్న మెకానిక్. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, లోపల్నుంచి సన్నగా లేస్తున్న ఆవిరి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"పిస్టన్ రింగులు పోయాయి వదినా. ఇంజన్ దించాలి. నన్నడిగితే దించడం కూడా దండగ. ఇటుకల వ్యాపారి ఒకాయన ఇలాంటి బండి కోసం చూస్తున్నాడు. ఇచ్చేసి హాయిగా ఇంట్లో కూర్చో."

"ఇంట్లో హాయిగా కూర్చుని ఏం చెయ్యను? నీ అన్నయ్య గడ్డం పెరగడం చూడనా?"

"హాస్యం కాదు వదినా."

"నేనూ హాస్యమాడట్లేదు. రింగులు పోతే బండి లాగకూడదు కదా? నిండు లోడుతో ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కుతోంది. ఇదేం పోవడం?"

మరిది బానెట్ దించేశాడు. ఆ సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర, లేతు మిషన్ షాపులో, లాండ్రీలో కూడా వదిన బండి ఇంజన్ అయిపోయిందన్న మాట పాకింది. ఆమె చెవిన కూడా పడింది. ఇంజన్ పోయిందన్నందుకు కాదు, తనతో తేల్చుకోకుండా ఊరంతా చెప్పినందుకు ఆమెకి ఒళ్ళు మండింది.

బుధవారం పొద్దున ఆమె భర్తని ఇంజన్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. ఇంజన్ నడిపి, ఆయిల్ పోసే మూత తీసి, దాన్నే తిరగేసి రంధ్రం మీద ఊరికే ఉంచింది.

"ఏమైనా వినిపిస్తోందా?"

"మూత వణుకుతోంది. ఎగరట్లేదు," అన్నాడాయన. "రింగులు నిజంగా పోతే అది ఈపాటికి కింద పడి దొర్లేది. నేను నడిపిన రోజుల్లో చూశాను."

"మరి ఆయిల్ ఎటు పోతోంది?"

"దాని ఊపిరి వెంట పోతోందేమో చూడు."

ఇంజన్ లోపల పుట్టే ఆవిరి బయటికి పోవడానికి పైన ఒక రబ్బరు పైపుంటుంది. బ్రీదర్ అంటారు. కంపెనీ వాళ్ళు దాని రెండో చివరని, ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో గాలి పీల్చుకునే గొట్టంలోకి కలిపారు. ఆ ఆవిరి వట్టి ఆవిరి కాదు, అందులో ఆయిల్ తుంపర ఉంటుంది. బండి పాతదయ్యేకొద్దీ తుంపర ఎక్కువవుతుంది. ఆమె పైపు ఊడదీసి లోపల వేలు పెట్టింది. వేలు నల్లగా, తడిగా బయటికొచ్చింది. టర్బో గొట్టం కూడా లోపలంతా జిడ్డే. ఇంజన్ తను వదిలిన ఊపిరి తనే పీల్చుకుంటోంది. ఆ నూనె కాలి నీలం పొగవుతోంది.

ఆ రోజంతా పైపు చివరని ఒక ఖాళీ సీసాలో పెట్టి, సీసా మూతికి వదులుగా గుడ్డ చుట్టి, టర్బో వైపు రంధ్రాన్ని గట్టి మూతతో మూసి తిరిగింది. సాయంత్రానికి సీసాలో రెండు వేళ్ళ ఎత్తు ఆయిల్ చేరింది. పొగ సగానికి సగం తగ్గింది. ఆ సీసా పట్టుకుని నేరుగా షెడ్డుకి వెళ్ళింది.

"ఈ పైపుని టర్బోలోకి పోకుండా కిందికి మళ్ళించు. చాలు."

మరిది సీసా వంక చూడను కూడా చూడలేదు. "కంపెనీ వాళ్ళు పెట్టిన దారి వదినా అది. వాళ్ళకి తెలియదా? నీకు తెలుసా?"

"కంపెనీ కుట్టిన చొక్కాలు ఎన్ని విప్పి సరిచేశానో నీకు తెలుసా? అందరికీ ఒకే కొలత కుట్టి పంపిస్తారు. తొడుక్కునేవాడి ఒంటికి పట్టకపోతే విప్పాల్సిందే."

"నా చేత్తో మాత్రం చెయ్యను. రేపు ఏదైనా అయితే నా షెడ్డు పేరు పోతుంది."

"నీ చెయ్యి ఎవరడిగారు? నాకు రెండున్నాయి."

గురువారం మధ్యాహ్నం పనికి కూర్చుంది. ఆయిల్‌కి ఉబ్బని గట్టి రబ్బరు పైపు కొట్లో అడిగి మరీ తెచ్చింది. టర్బో రంధ్రానికి సరిపోయే అల్యూమినియం బిరడా లేతు మిషన్ ఆయన తిప్పి ఇచ్చాడు, "ఇంజన్ పోయిన బండికి ఇదెందుకమ్మా?" అని ఒక మాట కలిపి మరీ. ఆమె పళ్ళు బిగబట్టి తీసుకుంది. పాత పైపు క్లిప్పులు వదులు చేసి లాగేసింది. బిరడా కొట్టి, దాని మీద కొత్త క్లిప్పు బిగించింది. ఇంజన్ వెనక గోడకి ఒక చిన్న డబ్బా బిగించి, అందులో స్టీలు పీచు కూరింది. ఆవిరి దాని గుండా పోతే నూనె అక్కడే ఆగుతుంది. "రోడ్డు మీద చుక్క పడకూడదు, వెనక వచ్చే సైకిల్ జారుతుంది," అని భర్త పట్టుబట్టాడు. డబ్బా నుంచి కిందికి, సైలెన్సర్ వేడి తగలకుండా ఛాసిస్ వెంట పైపు నడిపింది. నల్ల రబ్బరు మీద సుద్దముక్కతో గీత గీసి, చివరని ఐమూలగా కోసి, కోసిన నోరు బండి వెనక్కి చూసేలా తిప్పింది. ఎదురుగాలి లోపలికి దూరకుండా.

ఆమె ఒక పొరపాటు కూడా ఆ రోజే చేసింది. కొలతకి మించి రెండు జానల పైపు మిగిలింది. దర్జీ ఎవరూ గుడ్డని ఒంటి కొలతకి కోసెయ్యరు. రేపు మనిషి లావైతే విప్పుకోవడానికి లోపల కొంత మడిచి వదులుతారు. ఆమె చేతులు ఆ అలవాటు మీదే పోయాయి. మిగిలిన పైపుని కొయ్యకుండా, ఛాసిస్ కింద ముచ్చటగా మడత పెట్టి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టింది. బయటికి కనిపించనంత నీటుగా.

శుక్రవారం పొగ లేదు. ఆమె ఆ రోజు హారన్ కొంచెం ఎక్కువే కొట్టింది.

శనివారం పొద్దున బాగా చలి. ఉతికిన దుప్పట్లతో ఫ్లైఓవర్ ఎక్కుతోంది. పక్కన భర్త ఉన్నట్టుండి తల పక్కకి వంచాడు.

"ఆపు. లోపలేదో బిగుసుకుంటోంది."

"పైకెక్కాక ఆపుతా."

"ఆపమంటుంటే!"

ఆ మాట పూర్తయ్యేలోపే బానెట్ కింద టప్‌మని శబ్దం. ఆయిల్ కొలిచే కడ్డీ దాని గొట్టంలోంచి ఎగిరి బయటికొచ్చింది. అద్దం మీద నల్లటి చారలు పడ్డాయి. ఆమె బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేసింది. వెనక టార్పాలిన్ ఎత్తి చూసింది. దుప్పట్లు తెల్లగానే ఉన్నాయి. మళ్ళీ సీట్లోకి వచ్చి కూర్చుంది. మరిది చెప్పిందే నిజమా? చెయ్యి తాళం మీదే ఉండిపోయింది.

భర్త ఫోన్ చేస్తే పావుగంటలో మరిది మోటారు సైకిల్ మీద వచ్చాడు. వెనక ఇటుకల వ్యాపారి కూర్చుని ఉన్నాడు.

"చెప్పానా వదినా? విన్నావా?" అని దిగీదిగగానే మొదలుపెట్టాడు మరిది.

ఇటుకల వ్యాపారి బండి చుట్టూ ఒక చక్కరు కొట్టి, టైరుని కాలితో తన్ని చూశాడు. "బాడీ బాగుంది. ఇంజన్ మనం వేరేది వేసుకోవచ్చు."

"ఆ కాలు తియ్యండి," అంది కత్తెరమ్మ. "ఇది ఇంకా నా బండి."

పాత గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరింది. పట్టీ కోసి, మడత విప్పింది. ఆ వంపులోంచి చల్లటి, మజ్జిగలా తెల్లగా చిక్కబడిన ద్రవం ఆమె మోచేతి దాకా కారింది. ఆవిరిలో ఉన్న నీరూ ఆయిల్ తుంపరా మడతలో కలిసి చిక్కబడి నిలిచిపోయాయి. వేడికి మెత్తబడిన పైపు మడత దగ్గర నలిగి మూసుకుపోయింది. ఊపిరికి దారి లేక ఇంజన్ తన కడ్డీని తనే ఉమ్మేసింది.

కింద నుంచి ఆమె నవ్వు వినిపించింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఇంజన్‌కేం కాలేదు. నా దర్జీ బుద్ధికి అయింది. ఇంజన్ లావవుతుందని పైపు లోపలికి మడిచి పెట్టానండీ!"

"కత్తెర ఇవ్వనా?"

"ఇవ్వండి."

ఆయన డ్యాష్‌బోర్డు అర తడిమి, కత్తెర తీసి, కిందికి వంగి అందించాడు. ఆమె మిగులు రెండు జానలూ కోసి పారేసింది. ఎక్కడా వంపు లేకుండా, నీరు నిలవకుండా, పైనుంచి కిందికి ఒకే వాలుగా పైపు కట్టింది. చివరని మళ్ళీ ఐమూలగా కోసింది. కడ్డీ తుడిచి దాని చోట పెట్టింది.

"ఆయిల్ డబ్బా తెచ్చావా?" అని మరిదిని అడిగింది.

"తెచ్చాను గానీ, వదినా, సోమవారం కూడా పొగ వస్తే? తాళం నా చేతిలో పెడతావా?"

"పెడతా. రాకపోతే?"

"రాకపోతే ఏం కావాలో చెప్పు."

"ఇంజన్ పోయిందని ఎవరెవరికి చెప్పావో, వాళ్ళందరికీ వెళ్ళి పోలేదని చెప్పు. ఒక్కరిని కూడా వదలకుండా."

మరిది మెడ గోక్కున్నాడు. ఆ జాబితా చిన్నది కాదు.

సోమవారం ఆసుపత్రి ఆవరణలో స్టోరు ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మరిది, పనేదో ఉన్నట్టు, గేటు పక్కన తచ్చాడుతున్నాడు. ఆమె లోడు దింపించి, ఇంజన్‌ని పావుగంట అలాగే తిరగనిచ్చింది. తర్వాత గట్టిగా ఒక తొక్కు తొక్కింది. సైలెన్సర్ ముందు తన లైనింగు ముక్క పట్టుకుని రెండోసారి భర్త చేత తొక్కించింది. గుడ్డ మీద బూడిదరంగు మసి పలచగా పడింది. నూనె మరక లేదు, నీలం పొగ లేదు.

"పాత బండి కదా సారూ, మసి ఉంటుంది. అది లేదని నేను అబద్ధం చెప్పను. కానీ నూనె లేదు. వాసన చూడండి."

స్టోరు ఆయన గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని, వెనక్కి ఇచ్చేశాడు. "సరే అమ్మా, రేపటి లోడు ఆరింటికే కావాలి," అని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే. ఆమెకి ఇంకేదో అనాలని ఉండింది. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

మరిది మాట నిలబెట్టుకున్నాడు, ఏడుపు మొహంతోనే. టీకొట్టు, లేతు మిషన్, లాండ్రీ, ఇటుకల వ్యాపారి. లేతు మిషన్ ఆయన దగ్గర రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మిషన్ చప్పుడులో మొదటిసారి వినబడలేదట. ఆఖరికి సొంత అన్నగారి ముందు నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఇంజన్ బాగానే ఉంది."

"నాకు మొదట్నుంచీ వినబడుతూనే ఉందిరా," అన్నాడు అన్న.

ఇప్పుడు ఆమెకి యాభై ఐదేళ్ళు. ఆదివారం తప్ప రోజూ ఆసుపత్రి దుప్పట్లు మోస్తుంది. ప్రతి శనివారం ఆ చిన్న డబ్బా విప్పి, అడుగున చేరిన ఆయిల్‌ని పాత డ్రమ్ములో పోస్తుంది. ఆ ఇంజన్‌ని ఇంతవరకూ ఎవరూ దించలేదు.