ఒకే దోమతెర కింద ఇద్దరు వియ్యపురాళ్ళం

పోయిన నెల ఒక పొద్దున, పాలు పొయ్యి మీద పెట్టి ఉండగా బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా" అని ఆగిపోయింది. ఆ కాస్తసేపట్లోనే నేను అందరి గురించీ భయపడ్డాను. అల్లుడి బండి, మనవరాలి జ్వరం, బిడ్డ బీపీ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు చెప్పింది. "మా అత్తమ్మ పోయిందే. నిద్రలనే పోయింది." పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

నేను పుట్టు భయస్తురాలిని. ఇంట్లోవాళ్ళు బయటికి పోతే తిరిగి వచ్చేదాకా, వచ్చాక మళ్ళీ పోయేదాకా భయపడుతూనే ఉంటాను. కానీ మా వియ్యపురాలికి ఏమన్నా అవుతుందని మాత్రం నాకు ఒక్కనాడూ తట్టలేదు. నా భయాల్లో ఎక్కడా లేని మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. చదువు తక్కువదాన్ని, తప్పులుంటే సర్దుకొని చదవండి.

ఆమెకు ఏమవుతుందో అని భయపడలేదు గాని, ఆమె అంటే మాత్రం మొదట్లో చాలా భయపడ్డాను. పిల్లనిచ్చినవాళ్ళం కదా. ఆమె మా బీదర్ వస్తుందంటే కొత్త గ్లాసులు బయటికి తీసేదాన్ని, కుర్చీ మీద ఉతికిన తువ్వాల పరిచేదాన్ని. ఒకసారి "చాయ్‌ల చక్కెర జెర ఎక్కువైంది వదినా" అంటే, ఆ మాట నెమరేసుకుంటూ ఎన్నో రాత్రులు దొర్లాను. ఆమెకేమో బస్సు ఎక్కేలోపే మర్చిపోయిన మాట అది.

అవి హైదరాబాద్‌లో ఎటు చూసినా కొత్త మేడలు లేస్తున్న రోజులు. మా అల్లుడు అట్లాంటి ఒక మేడ పని మీదే సూపర్‌వైజర్. బిడ్డకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని తీసుకొచ్చుకున్నాం. అల్లుడికి మనసొప్పలేదు. హైదరాబాద్‌లో అద్దాల ఆస్పత్రులు వస్తుంటే బీదర్‌లో ఎందుకు అన్నాడు. చివరికి, "మా అమ్మ వచ్చి చూస్తది. ఆమె ఎట్లంటే అట్ల" అని తేల్చాడు. బిడ్డ మాత్రం రోజూ నా కొంగు పట్టుకొని, "నన్ను పంపియ్యకే అమ్మా, నీ దగ్గరనే ఉంట" అనేది. అదంతా ఇప్పుడు ఆమె చేతిలో పడింది.

సరిగ్గా అప్పుడే మా వరండా దూలానికి, బిడ్డ కోసం సర్దిన గది తలుపు పైనే, కందిరీగలు గూడు పెట్టాయి. మొదట రూపాయి బిళ్ళంత ఉండేది, తర్వాత పూరీ అంత అయింది, చూస్తుండగానే జొన్నరొట్టె అంత అయి కూర్చుంది. పురుగులమందు కొట్టే కంపెనీ అతను మోటార్‌సైకిల్ మీద వచ్చి, మెడ ఎత్తి చూసి, ఒక రేటు చెప్పాడు. మా ఆయన విత్తనాల దుకాణంలో గుమాస్తా. ఆ రేటు విని, అతనికి చాయ్ తాగించి, ఎంతో మర్యాదగా సాగనంపాడు. కట్టెకు గుడ్డ చుట్టి కాలుస్తానని ఆయన లేస్తే, దూలం అంటుకుంటుందని నేను అడ్డం పడ్డాను. మందు డబ్బా తెస్తానంటే, కడుపుతో ఉన్న పిల్లకు ఆ వాసన పడుతుందో లేదోనని వద్దన్నాను. నేను వద్దంటున్నకొద్దీ గూడు పెరిగింది.

ఆమె వచ్చే రోజు ఇక దారి లేక, అద్దాలు కుట్టిన గుడ్డ తోరణం ఒకటి తీసి ఆ గూడు కనబడకుండా ముందు వేలాడదీశాను. వియ్యపురాలు చూసి, "తోరణం మంచిగున్నది" అంది. నా ప్రాణం కుదుటపడింది. ఆ సంబరంలో, ఇల్లంతా ఫినాయిల్ వాసన కొడుతోందని సాంబ్రాణి వేశాను. పెద్ద మనిషికి మర్యాద అనుకున్నాను. పొగ నేరుగా దూలానికి పోయింది.

తోరణం వెనక నుంచి ఒకటి వచ్చింది, తర్వాత ఇంకొకటి. చాయ్ కప్పు పట్టుకున్న ఆమె మోచేతి మీద కుట్టనే కుట్టింది. ఆమె అరవలేదు. కప్పు కింద పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకొని, పైకి చూసింది.

"వదినా, మీ ఇంట్ల నాకంటె ముందొచ్చిన చుట్టాలున్నట్టుంది."

నాకు ఏడుపొచ్చింది. "తీసేద్దామనే ఉంటిమి వదినా" అని మొదలుపెట్టి రేటు సంగతి, దూలం సంగతి, డబ్బా సంగతి అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఇక పిల్ల సామాను సర్దమంటుందని తలవంచుకొని నిలబడ్డాను. ఆమె తన పాన్ డబ్బాలోంచి సున్నం తీసి కుట్టినచోట రాసుకుంటూ అంతా విని, "బట్టలుతికే పొడి ఉన్నదా?" అంది.

సబ్బు నీళ్ళు పడితే కందిరీగ ఎగరలేదట. వాళ్ళ మిద్దె మీద ట్యాంకు పక్కన ఒకసారి ఆ పనే చేసిందట. "అప్పుడు బక్కెట ఎత్తి పోసిన. గూటి మీద సగం, నా నెత్తి మీద సగం పడ్డది. మూతి వాచి మా ఆయన నన్ను గుర్తుపట్టలే. ఈసారి దూరం నుంచి కొట్టాలె." మా ఆయన కిరాణా దుకాణానికి పోయి, హోళీకి అమ్ముడుపోక మిగిలిన పిచికారీ ఒకటి తెచ్చాడు. కంపెనీ అతని రేటు ముందు అది ఊరికే వచ్చినట్టే.

కందిరీగలు గూటికి చేరి కుదురుకునేదాకా, పొద్దు గుంకేదాకా ఆగాం. బిడ్డను పక్కింటికి పంపి, గది తలుపులు మూసి, వరండా లైటు ఆర్పేశాం. వియ్యపురాలు మా ఆయన స్వెటర్ తొడుక్కొని, మంకీ టోపీ పెట్టుకొని, మీద దోమతెర కప్పుకుంది. మా ఇంట్లో నేను కుర్చీ దిగనివ్వని మనిషి అట్లా తయారైతే నా మర్యాద ఏం కావాలి?

"మీరొద్దు వదినా, నలుగురు చూస్తె ఏమంటరు?"

"ఏమన్న అననీ. నువ్వు గూడ రా తెర కిందికి. ఒక్కదాన్ని బక్కెట పట్టుకొని ఎట్ల కొడుత?"

అన్నాళ్ళలో ఆమె నన్ను నువ్వు అనడం అదే మొదలు. ఒకే తెర కింద ఇద్దరం నిలబడ్డాం. గోడ అవతల నుంచి పక్కింటామె, "ఏందమ్మా, వియ్యపురాళ్ళిద్దరికి పెండ్లా?" అంది. బక్కెటలోంచి నీళ్ళు నా కాళ్ళ మీద ఒలుకుతున్నాయి.

"బయమైతాంది వదినా."

"కానియ్యి. బయాన్ని గూడ ఓ పక్కకు కూసోబెట్టు, చుట్టం తీరు. నీ చేతులు మాత్రం ఖాళీగ పెట్టకు."

పిచికారీ కొడుతూ పోయింది. నేను బక్కెట అందిస్తూ పోయాను. తడిసిన కందిరీగలు చింతగింజల్లా టపటపా రాలాయి. ఒకటి మాత్రం తెర మీద వాలి మా ముక్కుల ముందే నడిచింది. ఇద్దరం ఒకేసారి వెనక్కి దూకాం. తెర తలుపు గడియకు తగిలి సర్రున చినిగింది. వాకిట్లోకి వచ్చిపడి, ఎందుకో తెలియదు, కడుపు పట్టుకొని నవ్వాం. ఆ తర్వాత చీపురుకట్టతో గూడు దులిపి నీళ్ళపొయ్యిలో వేశాం. మళ్ళీ పెట్టకుండా దూలానికి కిరసనాయిలు గుడ్డతో తుడిచాం.

చేతులు కడుక్కుంటూ ఆమె మా ఆయనతో అంది. "అన్నా, పిల్ల ఈడనే ఉంటది. మా పోరనికి నేను చెప్తగని."

"మా వదినకు పనుంటెనే బయం తక్కువైతది" అని కూడా అంది.

మర్నాడు పోయేటప్పుడు బొట్టు పెట్టి, ఎంతో ఏరి తెచ్చిన ఆకుపచ్చ రైక ముక్క చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, సూది దారం అడిగి, అక్కడే కూర్చొని దోమతెర చిరుగుకు అతికేసింది. "పుట్టేది దీని కిందనే పండుతది. నాకెందుకు రైక?" అంది. మనవరాలు పుట్టి, మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ తెర కిందే పెరిగింది. ఇప్పుడు కాలేజీకి పోతోంది.

ఆ కందిరీగల నాటి నుంచి వియ్యపురాలు ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. బాగున్నావా అని అడగడం ఉండేది కాదు. "ఇయ్యాల దేనికి బయపడుతున్నవ్?" అని మొదలుపెట్టేది. నేను చెప్పేదాన్ని, పాన్ నములుతూ మొత్తం వినేది. చివర, "ఇప్పుడు మనం చెయ్యవలసిన పని ఏమన్న ఉన్నదా?" అనేది. ఉంటే ఎట్లా చేయాలో ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం. లేదంటే, "అయితె అన్నం తిను పో" అని పెట్టేసేది. ఎన్ని ఆదివారాలు ఆ మాట మీద అన్నం తిన్నానో.

హైదరాబాద్‌లో దినాలు చేసుకొని ఇంటికి వచ్చి చూస్తే, అదే దూలానికి రూపాయి బిళ్ళంత గూడు ఉంది. రెండు కందిరీగలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. పొద్దు గుంకాక అటక మీది పిచికారీ, ఆ పాత దోమతెర దించి, సబ్బు నీళ్ళు కలిపి, తెర కప్పుకున్నాను. మా ఆయన కిటికీ అవతల నుంచి, "బయపడుకుంట ఎందుకు పోతున్నవ్?" అన్నాడు.

"బయం ఓ పక్కకు కూసున్నది. నువ్వు లైటు ఆర్పు" అన్నాను.

బక్కెట పట్టుకునేవాళ్ళు లేరు, స్టూలు మీద పెట్టుకున్నాను. లోపల తెర చాలా వెడల్పుగా అనిపించింది. పిచికారీ ఎత్తేముందు పక్కకు చూశాను. ఆమె నిలబడ్డ వైపునే, నా భుజానికి ఆనుకొని, ఆకుపచ్చ అతుకు గాలికి మెల్లగా ఊగుతోంది.