ఊడ్చిన ఇసుక

2022 ఎండాకాలంలో వజ్రపుకొత్తూరు మండలం తీరంలో నాకు పని పడింది. విశాఖపట్నంలోని ఒక పరిశోధన సంస్థ తరఫున సముద్రపు ప్లాస్టిక్ లెక్క తీసేవాణ్ణి. నెలకోసారి పూండిలో రైలు దిగి, ఆటోలో జీడితోటల మధ్యనుంచి ఒక చేపల పల్లెకు వెళ్లేవాణ్ణి. మా పనిలో ట్రాన్సెక్ట్ అనే మాట ఉంది. తీరంలో ఒక వంద మీటర్ల ముక్కను తాడుతో గుర్తుపెట్టుకుని, ప్రతి నెలా ఆ ముక్కలోనే ప్లాస్టిక్ ఏరి, రకాలవారీగా తూచి రాసుకోవాలి. ఏది ఊళ్లోది, ఏది కెరటాలు మోసుకొచ్చింది అన్నది అలా తేలుతుంది. పరాయి దేశాల అక్షరాలున్న సీసాలు కూడా అక్కడ దొరికేవి.

మొదటి రోజు ఇసుకలోకి దిగుతూనే జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. "ఇంత చెత్తేమిటమ్మా ఇక్కడ?" అన్నాను. చేపలు ఎండబెడుతున్న పోలమ్మ నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. నేనెవరో, ఎందుకొచ్చానో ఆమెకు చెప్పాలని నాకు తోచలేదు.

అయినా ఆమే నన్ను చేరదీసింది. ముందురోజు ఫోన్ చేస్తే చాలు, నాకూ అన్నం వండి ఉంచేది. "తినండి బావూ, ఇంత తాజా కవళ్ల చేపలు మీ పట్నంలో దొరకవు" అని కొసరి వడ్డించేది. నేను తినేవాణ్ణి, కబుర్లు చెప్పేవాణ్ణి. పని గురించి మాత్రం చెప్పలేదు.

రెండో నెల నుంచి ప్లాస్టిక్ తగ్గుతూ వచ్చింది. ఇసుక మీద సన్నటి గీతలు వరసగా కనబడేవి. గాలి గీసిందనుకున్నాను. ఈ తీరం శుభ్రపడుతోందని, సంస్థలో మా పని చూసే మేడమ్‌కు ఉత్సాహంగా చెప్పాను. సంస్థలో జరగబోయే సమావేశంలో దీని గురించి నన్నే మాట్లాడమన్నారు.

ఆ సమావేశానికి ముందు చివరిసారి వెళ్లేటప్పుడు ఫోన్ కలవలేదు. చెప్పకుండానే వెళ్లాను. నా వంద మీటర్లు మొదటి రోజులాగే ఉన్నాయి. షాంపూ ప్యాకెట్లు, తెగిన నైలాన్ వల ముక్కలు, థర్మాకోల్, ఒంటి చెప్పులు. పోలమ్మ కొబ్బరి ఈనెల చీపురు పట్టుకుని పరుగున వచ్చింది.

"ఫోన్ సెయ్యకుండా ఒచ్చేసినారేటి బావూ? ఇంకా ఊడవనేదు."

"ఊడవడమేమిటి?"

"మీరొచ్చే రోజు పొద్దున్నే ఊడిసేత్తన్నాం గదా. మనిసొత్తంటే ఆకిలి అలగే ఒగ్గేత్తామా?"

వెనకే వచ్చిన ఆమె తోడికోడలు నూకమ్మ నవ్వింది. "మీ కోసం కాదులెండి, మీ ముక్కు కోసం. ఆ గుడ్డ అడ్డెట్టుకోకండా ఉంటారని."

నేను ఒడ్డున ఉన్న పడవ అంచున కూర్చున్నాను. అప్పుడు చెప్పాను, మొదటి రోజు చెప్పవలసిందంతా. పోలమ్మ ముఖం వాడిపోయింది.

"అయితే మేం సేసిందంతా తప్పయిపోనాదా? మీ ఉజ్జోగానికేటీ కాదు గదా?"

"తప్పు నాది. నేను చెప్పలేదు."

"సెప్పాల గదేటి బావూ. సెత్త కావాలనీవోణ్ణి మేమెప్పుడు సూసినాం?"

ఆమె నన్ను మొగలి పొదల వెనక్కి తీసుకెళ్లింది. ఊడ్చిందంతా అక్కడ పాత వలల్లో మూటలు కట్టి ఉంది. మళ్లీ సముద్రంలోకి పోకూడదని అలా పెట్టారట. కానీ ఏ నెలది ఏదో తేలేలా లేదు. అయినా ముగ్గురం కూర్చుని రకాలు వేరు చేశాం. "దీని జత ఏ దేశంలో తిరగతందో" అంటూ నూకమ్మ ఒక ఒంటి చెప్పును పక్కన పెట్టింది.

పలాసలో తిరుగు రైలు కోసం కూర్చున్నప్పుడు, ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుందని ఆలోచించాను. విశాఖలో ఎవరికీ తెలియదు. కానీ నా లెక్కల కాగితం చూసి, అందరూ ఈ సముద్రంలో ప్లాస్టిక్ తగ్గిందని నమ్ముతారు. తగ్గింది సముద్రంలో కాదు, ఆ ఆడవాళ్లు నడుములు వంచి ఊడ్చిన మేర. రైలెక్కి మేడమ్‌కు ఫోన్ చేశాను. "ఆ నెలలన్నీ కొట్టేయండి. ఎందుకు కొట్టేశారో మాత్రం దాచకుండా రాయండి" అన్నారు. సమావేశంలో నేను మాట్లాడలేదు. లెక్క మొదటినుంచి మొదలుపెట్టాం.

ఆ తర్వాత ఏ ఊరి తీరానికి వెళ్లినా, తాడు పరిచే ముందు అక్కడివాళ్ల మధ్య కూర్చుని వచ్చిన పని చెబుతున్నాను. మనం చూస్తున్నామని మనమనుకుంటాం. వాళ్లూ మనల్ని చూస్తుంటారు, మన ముఖాన్ని బట్టి నడుచుకుంటారు.

ఇది జరిగిన మరుసటి నెల మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. ముందురోజు ఫోన్ చేశాను. నేను తాడు పరిచే చోటుకు అటూ ఇటూ ఇసుక అద్దంలా ఊడ్చి ఉంది. మధ్యలో వంద మీటర్లు మాత్రం చెత్త చెత్తగా ఉంది. పోలమ్మ చీపురు చంకలో పెట్టుకుని నిలబడింది.

"మీ సెత్త మీకు ఒగ్గేసినాం బావూ. ముందు అన్నం తినండి, అదెక్కడికీ పోదు."