నాన్సీ కాళ్ల దగ్గరి పెట్టె

పోర్ట్‌బ్లెయిర్‌కి ఎదుటి ఒడ్డున, బాంబూఫ్లాట్ తెలుగు చర్చిలో ప్రార్థన జరిగేటప్పుడు కళ్లు మూయని మనిషి ఒక్కడే ఉండేవాడు. అతని పేరు ఆనందబాబు. దేవుడంటే భయం లేక కాదు, చర్చి మైకులు అతని చేతిలో ఉండేవి. పాస్టరుగారు "ప్రార్థన చేద్దాం" అనగానే అందరి తలలూ వంగుతాయి, అందరి కళ్లూ మూతపడతాయి, సరిగ్గా అప్పుడే మాయదారి మైకు ఈల వేస్తుంది. ఆ ఈల పైకి రాకముందే చెయ్యి మిక్సరు మీదికి పోవాలంటే పాస్టరుగారు మైకుకి ఎంత దగ్గరగా వంగుతున్నారో చూస్తూ ఉండాలి. "నీ వంతు కళ్లు మేం మూస్తాంలే ఆనందబాబూ" అని ఆయనే ఒకసారి అందరి ముందూ అన్నారు. సంఘమంతా నవ్వింది. అతనికి అది బిరుదులాగే ఉండేది.

అలాంటి మనిషి ఈ మధ్య ప్రార్థనలో కళ్లు గట్టిగా మూసుకుంటున్నాడు. మైకు ఈల వేస్తోంది, పెద్దవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు, అయినా తెరవడం లేదు. తెరిస్తే ఎదురుగా ఆఖరి బెంచీలో నాన్సీ కనపడుతుంది. పాటల బృందంలో ముందు నిలబడి పాడవలసిన పిల్ల, పాటల పుస్తకం ఒళ్లో మూసి పెట్టుకుని, పెదవులు కూడా కదపకుండా కూర్చుంటోంది. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది ఎవరో ఆనందబాబుకి తెలుసు. ఆ తెలియడమే అతన్ని తినేస్తోంది.

ఆనందబాబు ఈ దీవుల్లోనే పుట్టాడు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. తండ్రి నూకన్న పడవల ఇంజన్ల దగ్గర పనిచేసేవాడు. క్రైస్తవంలోకి వచ్చినప్పుడు పేరు మార్చుకోమంటే, "దేవుడికి నా పేరు తెలుసులే" అన్న ఘటం. జీవితమంతా ఇంజన్ పక్కన గడిపినందుకు ఆయన చెవులు మందగించాయి. అయినా పాటంటే ప్రాణం. చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు, అందరూ ఒక దారిన పోతుంటే తానొక దారిన. పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వేవారు. పక్కనే నిలబడ్డ ఆనందబాబుకి తల కొట్టేసినట్టుండేది. ఒకనాడు పట్టలేక, "నువ్వు పాడకు నాన్నా" అనేశాడు. నూకన్న కోప్పడలేదు. "నా పాట నాకే ఇనపడదురా. ఏటి సెయ్యను" అన్నాడు.

ఆ మాటతోనే ఆనందబాబు సౌండు మనిషి అయ్యాడని చెప్పాలి. తన గొంతు తనకు వినపడకపోతే ఎంతటి గాయకుడైనా దారి తప్పుతాడు, తప్పు గొంతుది కాదు, చెవిది. ఈ ఒక్క సంగతి అతనికి పుస్తకాలు చెప్పలేదు, కన్నతండ్రి చెప్పాడు. మొదట చర్చి మైకులు, తర్వాత పెళ్లిళ్లు, కాలనీ పూజలు, పడవ పందాలు, ఆ మీదట రాక్ కచేరీలు. పెట్టెలన్నీ బండికెక్కించి, బండిని ఫెర్రీకెక్కించి, అవతలి ఒడ్డున చాతం రేవులో దింపుకుని ఊళ్లన్నీ తిరిగేవాడు.

రాక్ కచేరీ అంటే గుండెలు అదరాలి, చెవులు గింగుర్లెత్తాలి అనుకునేవాళ్ల మీద అతనికి ఒళ్లుమంట. "మోత వేరు, పాట వేరు భయ్యా. డ్రమ్ము కడుపులో తగలాలి, మాట చెవిలో పడాలి. ఇంటికెళ్లేటప్పుడు జనం పాట గురించి మాట్లాడుకోవాలి గాని నా స్పీకర్ల గురించి కాదు" అనేవాడు. సముద్రపు గాలి తిరిగితే సన్నని శబ్దాలన్నీ కొట్టుకుపోతాయని, రేకుల హాల్లో అయితే గిటారు రెండింతలు తగ్గించాలని వినేవాళ్లు దొరికితే చాలు, టీ చల్లారిపోయేదాకా చెప్పేవాడు. వినేవాళ్లు ఎప్పుడూ దొరికేవాళ్లు కాదనుకోండి. నాన్సీ మాత్రం వినేది.

నాన్సీ ప్రేమావతి కూతురు. ప్రేమావతి ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆనందబాబుని నోరారా అన్నయ్యా అంటుంది. ఆ వరసన నాన్సీకి అతను మావయ్య. పిల్ల మైకు అందనంత చిన్నగా ఉన్నప్పుడు స్టూలు వేసి నిలబెట్టి, "మైకుని కొరక్కూడదమ్మా, ముద్దు పెట్టుకోకూడదు, దానితో మాట్లాడాలి" అని నేర్పింది అతనే. ఇప్పుడామె పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ఫోన్ల దుకాణంలో పనిచేస్తూ, సాయంత్రాలు 'లంగరు' అనే రాక్ బ్యాండులో పాడుతుంది. గిటారు వాయించే యేసు కుమార్ ఆ బ్యాండుకి పెద్ద. తెలుగూ హిందీ కలిపి పాటలు వాళ్లే కట్టుకుంటారు. లంగరు ఎక్కడ పాడినా సౌండు ఆనందబాబుదే.

సిప్పీఘాట్ దగ్గర మైదానంలో ఒక యువజన క్లబ్బువాళ్లు పండగ పెట్టి లంగరుని పిలిచారు. మధ్యాహ్నం సౌండ్ చెక్ చేసినప్పుడు ఆనందబాబుకే ముచ్చటేసింది. స్టేజికి రెండు పక్కలా పెద్ద స్పీకర్లు. స్టేజి మీద రెండు మానిటర్లు, అంటే పాడేవాళ్ల వైపు ముఖం తిప్పి కింద పెట్టే ఏటవాలు పెట్టెలు. వాటిలోంచే వాళ్ల పాట వాళ్లకు వినపడుతుంది. ఒకటి డ్రమ్ముల దగ్గర, ఒకటి నాన్సీ కాళ్ల దగ్గర. "ఎలాగుంది తల్లీ" అని కింది నుంచి అడిగితే, నాన్సీ బొటనవేలెత్తి చూపించింది. "మేరా ఆవాజ్ మస్త్ వస్తంది మావయ్యా" అంది.

సాయంత్రం, ముఖ్య అతిథిగా వచ్చే పెద్ద ఆఫీసరుకీ ఆయన భార్యకీ అని తెల్లటి గుడ్డలు తొడిగిన సోఫాలు వచ్చాయి. మన దగ్గర ఏ సభ అయినా సోఫాలు లేకుండా జరగదు గదా. స్టేజికి ముక్కుకి ముక్కు తగిలేలా, సరిగ్గా నడిమధ్యన వేశారు. పెద్ద స్పీకర్ల శబ్దం ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ వాళ్లను దాటుకుని జనం మీదికి పోతుంది. సోఫాల్లోవాళ్లకు మిగిలేది డ్రమ్ముల మోత ఒక్కటే. రెండు పాటలయ్యాయో లేదో క్లబ్బు కార్యదర్శి ఉమేష్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఆనంద్ భయ్యా, సాబ్‌కీ మేడంకీ మాటలు ఇనపట్లేదంట. కుఛ్ కరో."

"సోఫాలు ఎనక్కి జరపండి, ఇనపడతాది."

"సాబ్‌ని లెగమని నేను చెప్పాలా? ఒక డబ్బా ఇటు తిప్పలేవా? అదిగో, అది."

అతను చూపించింది నాన్సీ కాళ్ల దగ్గరి పెట్టె. అది స్టేజి అంచునే ఉంది. వెనక్కి తిప్పితే నేరుగా సోఫాల మీదికి పాడుతుంది. కుదరదు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆనందబాబు నోటిదాకా వచ్చింది కూడా. కానీ మొదటి సోఫాలో కూర్చున్న పెద్ద ఆఫీసరు మెడ తిప్పి తనవైపే చూస్తున్నాడు. అంత పెద్దమనిషి ముందు సౌండు బాగాలేదనిపించుకోవడం అతనికి నచ్చలేదు. నాన్సీ గట్టి పిల్ల, ఎలాగో నెట్టుకొస్తుందిలే అనుకున్నాడు. పాటకీ పాటకీ మధ్య స్టేజి పక్కగా వంగి వెళ్లి, పెట్టెను సోఫాల వైపు తిప్పి, ఆమె ముఖం చూడకుండా దిగి వచ్చేశాడు.

తర్వాతది నెమ్మది పాట. వెనక డ్రమ్ములు, పక్కన గిటారు, ఎదురుగా జనం కేకలు. వీటి మధ్య నాన్సీ తన గొంతుని వెతుక్కుంది. మొదటి చరణంలోనే శ్రుతి జారింది. వినపడక గట్టిగా అరిచింది, ఇంకా జారింది. చెవి మీద అరచెయ్యి పెట్టుకుని చూసింది. ముందు వరసల్లో పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వారు, ఫోన్లు పైకి లేచాయి. ఆనందబాబుకి చిన్నప్పటి చర్చి కళ్ల ముందు తిరిగింది. పరుగెత్తి పెట్టెను మళ్లీ తిప్పవచ్చు. తిప్పలేదు. సోఫాల్లో మేడంగారు తల ఊపుతున్నారు, ఆమెకు మాటలు వినపడుతున్నాయి.

చివర్లో ఆఫీసరుగారు మైకు తీసుకుని, పాట మాట ఎలా ఉన్నా సౌండు మాత్రం చెవులకు హాయిగా ఉందని మెచ్చుకుని, సౌండువాణ్ణి స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు. అంత ఉక్కలో ఆ శాలువా కింద ఆనందబాబుకి చలి పుట్టింది. నాన్సీ తెర వెనక నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

వీడియో దీవులన్నీ తిరిగింది. నాన్సీ ప్రాక్టీసుకి వెళ్లడం మానేసింది, చర్చిలో ఆఖరి బెంచీకి మారిపోయింది. మాయాబందర్‌లో జరగబోయే కచేరీలో పాడడానికి ఇంకో అమ్మాయిని చూసుకుంటున్నామని యేసు కుమార్ చెప్పినప్పుడు ఆనందబాబు వైర్లు చుట్టుకుంటూ, ఊఁ అని ఊరుకున్నాడు. ప్రేమావతి కొలతల టేపు మెడలోనే వేసుకుని ఇంటికి వచ్చింది.

"అన్నయ్యా, నువ్వు దగ్గరుండి సూసినావు గదా. దానికి ఆ రోజేటయింది?"

"గాలి ఎక్కువుందమ్మా ఆ రోజు" అన్నాడు. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుని రాత్రి అన్నం కలిపి వదిలేశాడు. శాలువాని ట్రంకు పెట్టెలో అడుక్కి తోశాడు. అయినా అది ఇంట్లో ఉందన్న సంగతి మనసులో మెదులుతూనే ఉండేది.

పాట దారి తప్పితే తప్పు గొంతుది కాదని కన్నతండ్రి దగ్గరే నేర్చుకున్నవాడు, ఆ విద్యతోనే అన్నం తిన్నవాడు, ఒక సోఫా కోసం అంత పనీ చేశాడు. తెలియనివాడు చేస్తే పొరపాటు అనుకోవచ్చు. తెలిసి చేసినదానికి ఏం పేరు పెట్టాలో అతనికి తోచలేదు.

ఒక రోజు పొద్దున్నే బ్యాండు గదిలో దింపుదామని అదే మానిటర్ పెట్టెను మోసుకుని ఫెర్రీ ఎక్కితే, రైలింగ్ పక్కన నాన్సీ నిలబడి ఉంది, దుకాణానికి వెళుతోంది. ఎప్పటిలాగే నవ్వింది.

"చెవుల డాక్టరుకి చూపించుకున్నాను మావయ్యా. మిషన్ పెట్టి చూశారు. సబ్ ఠీక్ హై అన్నారు."

"మంచిదే కదమ్మా."

"ఏం మంచిది. చెవుల్లో ఏదైనా ఉంటే బాగుణ్ణు. అంటే గొంతే కదా పోయింది."

ఆనందబాబు ఇక ఆగలేకపోయాడు. ఈ మాట ఏదో ఒకనాడు ఆమె చెవిలో మెల్లగా, ఎవరూ లేని చోట చెప్పుకుందామని అనుకున్నాడు. కానీ ఫెర్రీ ఇంజను అందుకుంది, కాళ్ల కింద ఇనుము దడదడలాడుతోంది. "నీ గొంతు పోలేదమ్మా" అన్నాడు. ఆమెకు వినపడలేదు. "ఏంటి మావయ్యా?" అంది చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అచ్చం ఆ రోజు స్టేజి మీద పెట్టుకున్నట్టు. అది చూసి అతను గొంతెత్తి అరిచాడు.

"నీ గొంతు పోలేదు. నేనే నీ డబ్బా తిప్పేసినాను. సోఫాలోళ్ల కోసం తిప్పేసినాను. మీయమ్మ అడిగితే గాలి అని అబద్ధమాడినాను."

స్కూటర్ల మీద కూర్చున్నవాళ్లు తిరిగి చూశారు. చేపల బుట్టల దగ్గర ఎరుకమ్మ, వాళ్ల చర్చి ముసలావిడ, నోరు తెరుచుకుని వింది. ఇంక దాచడానికేం మిగల్లేదు. అతను ఫోను తీసి యేసు కుమార్‌కి చేశాడు, అవతల వినపడక మళ్లీ మళ్లీ అడుగుతుంటే అదే మాట అలాగే అరిచి చెప్పాడు. "తప్పు పిల్లది కాదు బాబూ, నాది. మాయాబందర్‌కి ఇంకెవర్నీ పిలవకు." తనే వీడియో చేసి బ్యాండు పేజీలో పెడతానన్నాడు. అతని గొంతు బొంగురుపోయింది.

నాన్సీ రైలింగ్ పట్టుకుని నీళ్ల వైపే చూస్తూ నిలబడింది. కోప్పడితే బాగుండునని ఆనందబాబు మనసులో వేడుకున్నాడు. చాతం రేవు దగ్గరపడింది, పడవ గోడకు ఆనుకుంది, తాళ్లు వేశారు, ఇంజను ఆగింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది.

"నువ్వు తిప్పడం నేను చూశాను మావయ్యా" అంది నాన్సీ, చాలా చిన్నగా.

"చూశావా? మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మావయ్య తీసేశాడంటే, అది లేకపోయినా నేను పాడగలనని నీకు తెలిసే తీసుంటావు అనుకున్నాను. పాడలేకపోయేసరికి నీ దగ్గరికి రావడానికి సిగ్గేసింది."

మాయాబందర్ సంగతి చూద్దాంలే అని, సంచీ భుజాన వేసుకుని ఆమె దిగి వెళ్లిపోయింది. వెనక స్కూటర్లవాళ్లు దారి ఇమ్మని హారన్లు కొట్టారు. ఆనందబాబు కాళ్ల దగ్గరి పెట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆమె అంత చిన్నగా చెప్పిన ఆ మాట అతనికి ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది.